పెట్టలు తమంతట తామే ఎక్కే గూడు: నారపల్లి పెరటి డైరీ

సంక్రాంతి అయిన వారం

ఈ ఏడు పెరట్లో కోళ్లు పెంచాలని ఇంట్లో అందరం ఒక మాట మీదికి వచ్చాం. గూడు మాత్రం ఒకచోట పాతేసేది వద్దు, రోజూ జరిపేది కావాలని నేను పట్టుబట్టాను. కారణం నేలే. మాది హైదరాబాద్ శివార్లలోని నారపల్లి, వరంగల్ హైవేకి లోపల. మూడు వందల గజాల ప్లాటులో సగం ఇల్లు, సగం పెరడు. ఒక మామిడి, ఒక వేప, రెండు మునగ చెట్లు, మధ్యలో గరిక. ఎర్ర చెలక నేల. ఇలాంటి చోట నాలుగు కోళ్లను ఒకే జాగాలో మూసి ఉంచితే కొద్ది రోజుల్లోనే గరిక వేళ్లతో సహా పోతుంది. ఆ తర్వాత మిగిలేది రెట్ట, ఈగలు, వాసన. అదే రెట్ట రోజుకో చోట పల్చగా పడితే నేలకు మంచి ఎరువు. కోడి రెట్టలో నత్రజని ఎక్కువ. కుప్పగా పడితే గడ్డిని మాడుస్తుంది, చెదిరి పడితే పెంచుతుంది.

రోగాల సంగతీ అంతే. కోళ్ల పేగుల్లో రోగం తెచ్చే కాక్సిడియా అనే సూక్ష్మజీవి గానీ, నులిపురుగుల గుడ్లు గానీ రెట్టతోనే నేల మీదికి వస్తాయి. కోళ్లు అదే నేలను గీకి తింటే మళ్లీ కడుపులోకి పోతాయి. చోటు మారుతూ ఉంటే ఆ బెడద పూర్తిగా పోదు గానీ బాగా తగ్గుతుంది. చెట్లు, కూరగాయల మడులు పోగా పెరట్లో వెయ్యి చదరపు అడుగుల దాకా ఖాళీ ఉంది. ఎనిమిది అడుగులు, నాలుగు అడుగుల గూడు అంటే 32 చదరపు అడుగులు. రోజుకో చోటు జరిపితే మొదటి చోటికి మళ్లీ రావడానికి నెల పడుతుంది. ఈలోగా గరిక కోలుకుంటుంది.

జరిపే గూడు మనకు కొత్తేమీ కాదు. అత్తమ్మది జనగామ వైపు. వాళ్లింట్లో పిల్లల కోడిని వెదురు గంప కింద మూసి, పొద్దున ఒకచోట, ఎండెక్కాక నీడకు ఇంకోచోట జరిపేవాళ్లట. "గంప అల్కగుంటది, గద్దకు అందదు, కోడికి గాలాడ్తది. ఇంకేం గావాలె బిడ్డా?" అంది. నోటుబుక్కులో మొదటి పేజీలో ఆ మూడే రాసుకున్నాను. కింద నాది ఇంకొకటి చేర్చాను: పొద్దు గూకే వేళకు ఎవరూ పట్టి తోయకుండా కోళ్లు వాటంతట అవే లోపలికి ఎక్కాలి. గూడు కుదిరిందా లేదా అన్నది కోళ్లే తేల్చాలి. ఈ పని మొత్తానికి నేను పెట్టుకున్న పరీక్ష అదొక్కటే.

జనవరి ఆఖరు

రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ రూపొందించిన రకాల్లో పెరటి పెంపకానికి పేరున్నవి వనరాజా, గ్రామప్రియ. వనరాజా మాంసానికీ గుడ్లకూ రెండింటికీ పనికొచ్చే రకం, ఒళ్లు బరువు. గ్రామప్రియ గుడ్లకు పెట్టింది పేరు, ఒళ్లు కాస్త తేలిక. మాకు కావాల్సింది గుడ్లే. పైగా గూడు ఎక్కి దిగాలంటే తేలికగా ఉండటమే మేలు. అందుకని గ్రామప్రియ పిల్లల్ని తెచ్చాం. పిల్లలప్పుడు పెట్టో పుంజో తెలియదు కాబట్టి కావాల్సిన దానికన్నా ఎక్కువే తెచ్చాం. తేలాక నాలుగు పెట్టలు ఇక్కడ ఉంటాయి, మిగతావి జనగామకు. ప్రస్తుతం అన్నీ స్టోర్‌రూమ్‌లో అట్టపెట్టెలో, బల్బు కింద ఉన్నాయి. మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం ఉండాలి, ఆ తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ పోవాలి. కొక్కెర తెగులు టీకా వేయించాం.

ఈలోగా కొలతల పని. షాపులో దొరికే పైపు పొడవు, రేకు వెడల్పు చూసి గూడు గీస్తే పని సులువు. కానీ ఎదిగిన కోడి ఒంటి నుంచి మొదలుపెట్టాలనుకున్నాను. నిలబడిన పెట్ట ఎత్తు అడుగున్నర లోపే. తల తగలకుండా రెక్క విదిలించాలంటే లోపల రెండడుగులైనా ఉండాలి. రాత్రి పడుకునే కర్ర మీద ఒక్కో కోడికి ఎనిమిది నుంచి పది అంగుళాల చోటు చాలంటారు. మన ఎండలకు అది చాలదు. చలికాలంలో ఒకదాన్నొకటి ఒరుసుకుని పడుకునే కోళ్లే వేసవిలో రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టి దూరం దూరం జరుగుతాయి. కాబట్టి కోడికి అడుగు చొప్పున నాలుగడుగుల కర్ర. గూడు వెడల్పు నాలుగడుగులని అలా తేలింది. గుడ్ల పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ అడుగే. నాలుగు కోళ్లకు ఒకటి సరిపోతుందని లెక్క, కానీ పెత్తనం చేసే పెట్ట ఒకటి ప్రతి మందలోనూ ఉంటుంది. అది కూర్చుంటే మిగతావాటికి దారి ఉండదు. రెండు పెట్టెలు పెడుతున్నాను.

ఫిబ్రవరి, ఫ్రేము

బరువు లెక్క చాలా సేపు తిన్నది. రోజూ జరిపేది నేను, నేను ఊళ్లో లేనప్పుడు అత్తమ్మ. జరపడం కష్టమైతే ఒకరోజు వాయిదా వేస్తాం, తర్వాత వారం వాయిదా పడుతుంది, అప్పుడిక అది కదిలే గూడు కాదు. అలాగని మరీ తేలికైతే ఏప్రిల్‌లో వచ్చే గాలిదుమారానికి ప్రహరీ దాటి పోతుంది.

ముప్పావు అంగుళం చదరపు ఇనుప పైపు, 16 గేజి, మీటరుకు దాదాపు 870 గ్రాములు తూగుతుంది. అడుగు ఫ్రేము, పై ఫ్రేము, ఆరు నిలువు కాళ్లు, తలుపులు అన్నీ కలిపి తొంభై అడుగులు. ఇరవై అడుగుల పైపులు ఐదు కొంటే తరుగు పోను సరిపోతుంది. ఫ్రేము ఒక్కటే 24 కిలోలు. అంగుళం పైపైతే ఇంకో ఎనిమిది కిలోలు పెరిగేది. జాలీ, రేకు, వెదురు, చక్రాలు కలిపితే మొత్తం 65 కిలోల దరిదాపు.

ఆ 65 కిలోలనూ ఎత్తక్కర్లేదు. గూట్లో రెండు భాగాలు: కోళ్లు రాత్రి ఎక్కి పడుకునే పడక గది, పగలు గరిక మీద తిరిగే జాలీ గది. పడక గది, గుడ్ల పెట్టెలు, రేకులో ఎక్కువ భాగం ఒక కొసన ఉంచి, చక్రాలు సరిగ్గా దాని కింద పెడితే బరువు చాలావరకు చక్రాలే మోస్తాయి. రెండో కొసన పిడి పట్టుకుని ఎత్తే చేతికి వచ్చేది 18 కిలోలు. సగం నిండిన సిమెంటు బస్తా కన్నా తక్కువ.

వెల్డింగ్ తమ్ముడికి గీత చూపించాను. చక్రాలు ఎప్పుడూ నేలకు ఆనే ఉండాలా అని అడిగాడు. మంచి ప్రశ్న. చక్రం మీద నిలబడితే ఫ్రేముకూ నేలకూ మధ్య రెండంగుళాల సందు ఉంటుంది. ఆ సందు చాలు ముంగిసకు. "అక్కా, ఇరుసును లీవరుకు వేద్దాం. లీవరు కిందికి నొక్కితే చక్రం దిగి గూడు లేస్తది, వదిలేస్తే గూడు నేల మీద కూసుంటది" అన్నాడు. అదే చేశాం. పది అంగుళాల రబ్బరు చక్రాలు రాణీగంజ్‌లో దొరికాయి. ఇంతకన్నా చిన్న చక్రాలు తీసుకోవద్దు. గరికలోనూ, చిన్న రాళ్ల మీదా అవి తిరగవు, ఈడ్చుకొస్తాయి.

శివరాత్రి దాటాక, జాలీ

కోళ్ల జాలీ అని అడిగితే షాపువాళ్లు ఆరు మూలల కన్నుల సన్న తీగ జాలీ చూపిస్తారు. అది కోళ్లను లోపల ఆపుతుంది, కుక్కను బయట ఆపదు. వీధికుక్క రెండు సార్లు పళ్లతో గుంజితే చిరిగిపోతుంది. మేం వాడింది అర అంగుళం కన్నుల వెల్డ్ మెష్, అంటే తీగలు కలిసే ప్రతి చోటా వెల్డింగ్ చేసిన గట్టి జాలీ. అర అంగుళం ఎందుకంటే అంగుళం కన్నులోంచి పిల్లి పంజా దూరుతుంది. కోడి జాలీకి ఆనుకుని పడుకున్నప్పుడు పిల్లి అలాగే పట్టుకుంటుంది. చదరపు మీటరుకు కిలో బరువు, మాకు తొమ్మిది మీటర్లు పట్టింది.

నారపల్లి చుట్టుపక్కల ఇంకా బండరాళ్ల గుట్టలు, ఖాళీ ప్లాట్లు ఉన్నాయి కాబట్టి ముంగిసలు, పందికొక్కులు బాగానే తిరుగుతాయి. రెండూ తవ్వే జంతువులు. స్థిరమైన గూడైతే జాలీని అడుగు లోతు పాతొచ్చు. రోజూ కదిలేదానికి అది కుదరదు. దానికి బదులు ఫ్రేము చుట్టూ అడుగు వెడల్పు జాలీ పట్టీని బందులతో బిగించి నేల మీద పరిచాం. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వడం మొదలుపెడుతుంది, అక్కడ కాలి కింద జాలీ ఉంటే ఎంత గీకినా లాభం లేదు. వెనక్కి అడుగు దూరం పోయి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు. జరిపేటప్పుడు పట్టీలను పైకి మడిచి కొక్కేనికి తగిలిస్తాం.

పైన కూడా మొత్తం మూశాం. గద్దల కోసమే కాదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చాక అడవి పక్షుల రెట్ట, ముక్కు దాణాలో పడకుండా చూసుకోవడం పెరటి కోళ్లకు కూడా తప్పనిసరి అనిపించింది. దాణా తొట్టి రేకు కింద ఉంటుంది. పావురాలు, గోరింకలు జాలీలోంచి దూరలేవు.

మార్చి, పడక గది

గూడు తూర్పు కొసన నాలుగడుగులు, మూడడుగుల పడక గది. నేల నుంచి అడుగున్నర ఎత్తు. దాని కింద పగలు కోళ్లకు నీడ. గది నేలకు ప్లైవుడ్ వేయాలని మా ఆయన అన్నారు. నాకది నచ్చలేదు. బరువు ఒకటి, రోజూ కడగాల్సి రావడం ఇంకొకటి. బొంగుల అడితిలో వెదురు తెచ్చి, అంగుళంన్నర బద్దలు చీల్చి, ముప్పావు అంగుళం సందు వదిలి వేశాం. రాత్రంతా పడిన రెట్ట సందుల్లోంచి కింద గరిక మీద పడుతుంది. పొద్దున్నే గూడు ముందుకు జరుగుతుంది కాబట్టి పగలు ఆ నీడలో కూర్చునే కోళ్ల కింద కొత్త గడ్డే ఉంటుంది. కింది నుంచి గాలి కూడా వస్తుంది. బద్దల అంచులు గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేశాం. కోడి పాదానికి చీరుకుపోతే చీము పట్టి గడ్డ కడుతుంది, అది మానడం చాలా కష్టం.

పడుకునే కర్రకు వేప కొమ్మ, రెండంగుళాల మందం. ఇనుప పైపు, పీవీసీ పైపు రెండూ పనికిరావు. జారతాయి. పైగా ఇనుము మే నెలలో కాలుతుంది. కోడి మోకాళ్లు ముడిచి కూర్చోగానే కాలి వెనక కండరపు తాడు బిగిసి వేళ్లు వాటంతట అవే కర్రను పట్టుకుంటాయి, అందుకే నిద్రలో పడిపోదు. ఆ పట్టు దొరకాలంటే కర్ర మరీ సన్నగా ఉండకూడదు, అంచులు పదునుగా ఉండకూడదు. కొమ్మ బెరడు మొత్తం తీసేశాం. బెరడు సందుల్లో పగలు దాక్కుని రాత్రి రక్తం పీల్చే ఎర్ర పేలు కోళ్లకు పెద్ద బాధ. కర్రను బిగించకుండా గాడిలో ఊరికే పెట్టాం, అప్పుడప్పుడు తీసి ఎండలో వేయొచ్చు.

గుడ్ల పెట్టెలు కర్ర కన్నా కిందే ఉండాలి. కోడి రాత్రి ఎప్పుడూ అందిన వాటిలో ఎత్తైన చోటే ఎంచుకుంటుంది. పెట్టె ఎత్తుగా ఉంటే అందులోనే పడుకుని, అందులోనే రెట్ట వేసి, పొద్దున గుడ్డు కూడా అందులోనే పెడుతుంది.

ఉగాది తర్వాత

పెట్టలు నాలుగూ గూట్లోకి వచ్చాయి. అత్తమ్మ పెట్టిన పేర్లు నల్లది, ఎర్రది, మచ్చది, చిట్టి. పగలు ఏ ఇబ్బందీ లేదు. గరిక పీకుతున్నాయి, చెదలు ఏరుకు తింటున్నాయి. ఒక మూల బూడిద కలిపిన మట్టి తొట్టి పెడితే అందులో పొర్లుతున్నాయి. మట్టి స్నానం కోడికి సరదా మాత్రమే కాదు, ఈకల్లోని పేలు దులుపుకునే పద్ధతి.

సాయంత్రం మాత్రం ఒక్కటీ పడక గది ఎక్కలేదు. పొద్దు గూకాక నాలుగూ పిడి వైపు ఫ్రేములో ఉన్న అడ్డ పైపు మీద వరసగా కూర్చున్నాయి. చేత్తో ఎత్తి లోపల పెట్టి తలుపేస్తే పని అయిపోతుంది. కానీ ఎందుకు ఎక్కడం లేదో చూడాలి కదా. ఆ వారం రోజూ చీకటి పడే వేళకు జాలీ పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాను.

నల్లది ముందు వస్తుంది. నిచ్చెన పలక మీద ఒక కాలు పెడుతుంది. మెడ సాచి, తల ఒక పక్కకు వంచి, ఒంటి కన్నుతో లోపలికి చూస్తుంది. రెండో కాలు కూడా పెడుతుంది. మళ్లీ రెండో కన్నుతో చూస్తుంది. గొంతులో సన్నగా కుర్రుమని, అదే కాలితో వెనక్కి దిగిపోతుంది. అది దిగితే మిగతా మూడూ ప్రయత్నమే చేయవు. నేను నేల మీద పడుకుని నా కన్ను దాని తల ఎత్తుకు తెచ్చి చూశాను. బయట ఇంకా ఎర్రటి వెలుగుంది, లోపల కర్ర కూడా కనిపించని నలుపు. కోడి పగటి పక్షి, మసక వెలుగులో దాని చూపు మనకన్నా చాలా తక్కువ. ఏముందో తెలియని చీకటి పొక్కలోకి అది ఎందుకు అడుగు పెడుతుంది?

మూడు మార్పులు చేశాం. పడక గది తలుపు పడమర వైపు, జాలీ గది లోపలికే తెరుచుకుంటుంది. ఆ తలుపు పైన, రేకు కింద, నాలుగంగుళాల ఎత్తున వెదురు తడక కోసేసి జాలీ వేశాం. పొద్దు గూకే వెలుగు చివరిదాకా కర్ర మీద పడుతుంది, రాత్రి వేడి గాలి కూడా అక్కడి నుంచే పోతుంది. లోపలి గోడలకు సున్నం కొట్టాం. దాంతో ఉన్న కొద్ది వెలుగే రెట్టింపు కనిపిస్తోంది, పురుగులకూ మంచి మందు. నిచ్చెన పలకకు అడ్డ బద్దలు దగ్గర దగ్గరగా, ఐదంగుళాలకు ఒకటి కొట్టాం.

దీంతో ఎర్రది, చిట్టి ఎక్కడం మొదలుపెట్టాయి. నల్లది మాత్రం అడ్డ పైపు వదల్లేదు, దాన్ని చూసి మచ్చది. టేపు పెట్టి కొలిస్తే జవాబు దొరికింది. కర్ర నేల నుంచి 26 అంగుళాలు, ఆ అడ్డ పైపు 30. ఎత్తైన చోటుండగా పెత్తనం చేసే పెట్ట కిందికి ఎందుకు వస్తుంది? కర్ర పైకి లేపితే రేకు తలకు తగులుతుంది. వెల్డింగ్ తమ్ముణ్ని పిలిచి అడ్డ పైపు కోయించి, ఫ్రేము వంగకుండా పై మూలల్లో ఏటవాలు ముక్కలు వేయించాం. ఆ సాయంత్రం నల్లదే ముందు ఎక్కింది. కర్ర మీద నడిమధ్యన కూర్చుని, మిగతావి ఎక్కేదాకా ఒక్కొక్కదాన్నీ ముక్కుతో పొడుస్తూ చోటు చూపించింది. మా అత్తమ్మ, నేను లేచి లోపలికి పోలేకపోయాం, అంత సంతోషం.

ఏప్రిల్, జరపడం

గూడు ఎప్పుడు జరపాలన్నది డిజైన్‌లో భాగమే. తెల్లవారాక, కోళ్లు ఇంకా పై గదిలో ఉండగానే, తలుపు మూసి, నిచ్చెన పైకి లాగి, పట్టీలు మడిచి, లీవరు నొక్కి ఒక గూడు పొడవు ముందుకు. తర్వాత తలుపు తీస్తే నాలుగూ కొత్త గడ్డి మీద దూకుతాయి. కోళ్లు కింద ఉండగా జరిపితే వెనక అడుగు పైపు వచ్చి వేళ్ల మీద ఎక్కే ప్రమాదం ఉంది. ఎప్పుడైనా పగలు జరపాల్సి వస్తే అన్న ఆలోచనతో ఆ పైపుకు లోపలి వైపు పాత సైకిల్ ట్యూబు ముక్కలు వేలాడదీశాం. రబ్బరు తగలగానే కోడి ముందుకు గంతేస్తుంది.

కోళ్లకు గూడు కన్నా చోటు బాగా గుర్తుంటుంది. ఒకరోజు కావాలనే చూశాను. సాయంత్రం గంట సేపు పెరట్లోకి వదిలినప్పుడు గూడును మామిడి చెట్టు కిందికి, అంటే ముప్పై అడుగుల దూరం, జరిపాను. పొద్దు గూకగానే నాలుగూ తిన్నగా పాత చోటికి వెళ్లి, నలిగిన గడ్డి దీర్ఘచతురస్రంలో నిలబడి చుట్టూ చూశాయి. గూడు కళ్లెదుటే ఉంది. అయినా వాటి ఇల్లు అక్కడ లేదు. అప్పటి నుంచి మూడు నియమాలు: ఒకేసారి ఒక గూడు పొడవుకు మించి జరపను. తలుపు ఎప్పుడూ పడమటికే ఉంటుంది. కోళ్లు బయట ఉన్నప్పుడు గూడు ముట్టను. వరస అయిపోయి ప్రహరీ దగ్గరికి వచ్చాక పక్క వరస మొదటికి తేవాల్సిన రోజున వాటిని బయటికి వదలను. ఒక రాత్రి అక్కడ పడుకుంటే చాలు, అదే ఇల్లు.

రోహిణి కార్తె

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. నలభై రెండు దాటింది. కోడి ఒంటి వేడే 41 డిగ్రీలు, చెమట గ్రంథులు లేవు. నోరు తెరిచి రొప్పడం, రెక్కలు ఎడంగా పెట్టడం, జుట్టు నుంచి వేడి వదలడం, అంతే దానికి తెలిసిన దారులు. రొప్పుతున్న కోడి రక్తంలోంచి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా పోతుంది, దాంతో గుడ్డు పెంకుకు కావాల్సింది తగ్గి పెంకు పల్చబడుతుంది. వేసవిలో తోలు గుడ్లు రావడానికి అదొక కారణం.

తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చాక తెల్ల కప్పు సంగతి నగరంలో చాలామందికి తెలిసింది. మనుషుల ఇళ్లకు పనికొచ్చేది కోళ్ల రేకుకు పనికిరాదా? రేకుకు తెల్ల సున్నం రెండు పూతలు వేసి, కింద మూడంగుళాల ఖాళీ వదిలి వెదురు తడక కట్టాం. ఆ ఖాళీలోంచి గాలి పోతుంది. చేయి పెడితే తేడా తెలుస్తుంది: రేకు అంటుకోలేం, తడక వెచ్చగా ఉంటుంది, అంతే. గూడు పొడవు తూర్పు పడమరలుగా ఉండటం కూడా కలిసొచ్చింది. పొద్దున, సాయంత్రం వాలు ఎండ చిన్న కొసల మీదే పడుతుంది.

ఈ నెల గూడు వరస వదిలేసి వేప నీడలోనే అటూ ఇటూ తిరిగింది. మధ్యాహ్నం ఒక పక్క తడి గోనెసంచులు కడితే లోపల హాయిగా ఉంది, మే నెల గాలి పొడిగా ఉంటుంది కాబట్టి. దాణా తెల్లవారుజామున, సాయంత్రం మాత్రమే. తిన్నది అరగడానికి పుట్టే వేడి కూడా మధ్యాహ్నం వాటికి భారమే. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పదకొండుకే వేడెక్కుతాయి, వేడి నీళ్లు కోడి తాగదు. మట్టి మూకుళ్లు పెట్టాం. కర్బూజ తొక్కలకు నాలుగూ కొట్లాడుకున్నాయి.

మృగశిర

మొదటి గట్టి వాన గాలితో వచ్చింది. అడుగు ఫ్రేము నాలుగు మూలలకూ ఇనుప చువ్వలు దిగ్గొట్టి ఉన్నాయి, గూడు ఇంచి కూడా కదల్లేదు. రేకు చూరు మరో ఎనిమిది అంగుళాలు బయటికి ఉండేలా చేయించడం మంచిదైంది. గోనెసంచులు తీసేశాం, తేమ గాలిలో అవి చల్లబరచవు సరికదా ఉక్క పెంచుతాయి. తడిసిన దాణా ఆ పూటకే పారబోస్తున్నాం. బూజు పట్టిన మొక్కజొన్న కోడి కాలేయానికి విషం.

వాన వెలిసిన తెల్లారి పడమటి మూల జాలీ పట్టీ దగ్గర తాజాగా గీకిన మట్టి కనిపించింది. రెండు చేతుల వెడల్పు గీకి, జాలీ తగిలి వదిలేసి పోయింది. ముంగిసో పందికొక్కో. పై గదిలో కోళ్లు కర్ర మీదే ఉన్నాయి.

బోనాల వారం

మొదటి గుడ్డు! గుడ్ల పెట్టెలో కాదు, గది కింద గడ్డి మూలలో. పెట్టెలో తల పెట్టి చూశాను. ముందు వైపు వెలుగు నేరుగా పడుతోంది. గుడ్డు పెట్టే కోడికి చీకటి కావాలి, మూడు వైపులా గోడ తగలాలి. పడుకునే చోట వెలుగు వెతుక్కునే అదే కోడి గుడ్డుకు నీడ వెతుక్కుంటుంది. గోనె పీలికలతో తెర కట్టాం, వరిగడ్డి మందంగా వేసి మధ్యలో చేత్తో గుంట చేశాం, ఒక్కో పెట్టెలో చెక్క గుడ్డు ఒకటి పెట్టాం. ఎక్కువ గుడ్లు పొద్దున పూటే పెడతాయి కాబట్టి పది దాటేదాకా గది తలుపు వేసి ఉంచాను. ఎర్రది గడ్డి కాళ్లతో వెనక్కి తన్ని, చుట్టూ తిరిగి, మళ్లీ తన్ని కూర్చుంది. లేచాక చెక్క గుడ్డు పక్కన గోధుమ రంగు గుడ్డు, వెచ్చగా, చిన్నగా. ఆల్చిప్పల పొడి విడిగా గిన్నెలో పెడుతున్నాం, కావాల్సింది అవే తీసుకుంటాయి.

పక్క వీధి పెద్దమ్మ బోనాలకు కోడి అడిగారు. పెట్టల్ని ఇవ్వం పెద్దమ్మా, జనగామలో పుంజులున్నాయి అన్నాం. అలాగే పంపించాం.

శ్రావణం

ఎదురింటి వదిన వాళ్లకూ ఇలాంటిదే కావాలట, ఆరు కోళ్లకు. వాళ్ల పెరడు మాకన్నా పల్లం, నీళ్లు నిలుస్తాయి. గది ఎత్తు అడుగున్నర కాకుండా రెండడుగులు చేయాలి, అప్పుడు నిచ్చెన నిటారుగా కాకుండా పొడుగు పెంచాలి. కర్ర ఆరడుగులు. వెడల్పు నాలుగే ఉంచి గదిలో రెండు కర్రలు వేయొచ్చు, కానీ రెండూ ఒకే ఎత్తులో, అడుగు ఎడంగా. లేకపోతే పై కర్ర కోసం రోజూ సాయంత్రం కొట్లాటే. అడ్డ పైపులన్నీ పై ఫ్రేములోనే. పడమటి వెలుతురు సందు మొదటి నుంచే గీతలో ఉంటుంది. చక్రాలు పన్నెండు అంగుళాలవి చూడాలి, బురదలో పది చాలవు. బరువు ఎనభై దాటుతుంది కాబట్టి పిడిని ఫ్రేము నుంచి రెండడుగులు బయటికి పొడిగించమని వెల్డింగ్ తమ్ముడికి చెప్పాను. వాళ్ల సందు గేటులోంచి అంత పొడుగు తిరుగుతుందో లేదో రేపు టేపు తీసుకెళ్లి కొలవాలి. పైపులు ఆ తర్వాతే కొంటాం.